అంతా చక్కబడుతున్న వేళ నేనే చెడగొట్టుకుంటున్నాను: ఈ సంక్రాంతి దాటేదెలా?

ప్రశ్న: లంకతోట

అందరికీ నమస్కారం. నాది కోనసీమ, ముమ్మిడివరం ప్రాంతం. వయసు 43. కొబ్బరి వ్యాపారం చేస్తాను. రైతుల తోటల్లో దింపు తీయించి, కాయ ఒలిపించి, లారీలకు ఎత్తించడం నా పని. పదిహేడేళ్ళు తాగాను. చివరి ఆరేళ్ళలో, పొద్దున్నే కొంత పుచ్చుకుంటే తప్ప చేతుల వణుకు ఆగక, లెక్కల పుస్తకంలో ఒక్క అంకె కూడా కుదురుగా వేయలేని స్థితికి వచ్చాను. మానేయడం ఇది మూడవసారి. ఈ రోజుకు 118 రోజులు.

మానడం ఎలా అని అడగడానికి ఇది రాయడం లేదు. మానడం నాకు చేతనవుతుందని రెండుసార్లు రుజువైంది. చేతకానిది ఆ తరువాతి భాగం. మొదటిసారి మానినప్పుడు కాయ ధర బాగా పడిపోయి ఉంది. కొట్టాంలో రాశిపోసిన కాయలు మొలకలెత్తుతుంటే చూస్తూ, వడ్డీ లెక్కపెట్టుకుంటూ గడిపిన ఆ నెలల్లో కూడా నేను బ్రాందీ షాపు వైపు తల తిప్పలేదు. తరువాత ధర లేచింది, సరుకు కదిలింది, అప్పు తీరింది. షావుకారు నా ప్రోనోటును నా కళ్ళముందే చించి చేతిలో పెట్టిన రోజు సాయంత్రమే తాగాను.

రెండవసారి నిరుడు. రెండున్నర నెలలు మానిన తరువాత అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజుల దీక్షలో గానీ శబరిమల యాత్రలో గానీ ఏ నియమమూ తప్పలేదు. ఊళ్ళో అందరూ స్వామీ అని పిలుస్తుంటే, ఎన్నో ఏళ్ళుగా నాతో ముభావంగా ఉండే మా బావమరిది తన కొట్టు తాళాలు నాకు అప్పగించి, కుటుంబంతో పెళ్ళికి వెళ్ళాడు. మాల తీసిన మూడవ రోజున, ఆ తాళాలు జేబులో ఉండగానే తాగాను.

ఆ రెండుసార్లూ ఇంట్లో గొడవ లేదు, ఒంట్లో నలత లేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. "మీకు కష్టాలు అరుగుతాయి గానీ మంచి రోజులు అరగవండీ" అని మా ఆవిడ అన్న మాట నన్ను వదలడం లేదు. ఇప్పుడు మళ్ళీ మంచి రోజులు వచ్చాయి. అమ్మాయి ఇంటర్ రెండవ సంవత్సరం బాగా చదువుతున్నది. గత నెలలో దాని ఫీజు ఎవరి దగ్గరా చేయి చాచకుండా కట్టగలిగాను. ఇక సంక్రాంతి వస్తున్నది. మా అత్తవారి ఊరు భీమవరం దగ్గర. బరులు, పందేలు, హైదరాబాదు నుంచి సీసాలతో దిగే తోడల్లుడు, అల్లుళ్ళకు జరిగే మర్యాదలు, అన్నీ మీకు తెలిసినవే. వెళ్ళాలా, మానాలా? వెళితే తాగనని అందరిముందూ చెప్పాలా? ఏటీఎం కార్డు మా ఆవిడకు ఇచ్చివేయడం మంచిదేనా?

ఇంకొక చిన్న విషయం. గత వారం కాకినాడలో డాక్టరును చూసి, మందులు తీసుకొని, బండి మీద తిరిగి వస్తూ యానాంలో టీ తాగడానికి ఆగాను. టీ మాత్రమే తాగాను. అయినా ఆ రోజు నుంచి మనసు స్థిమితంగా లేదు. కారణం తెలియడం లేదు.

జవాబు: చెరువుగట్టు

లంకతోట గారూ, నాది పాలకొల్లు వైపు, రొయ్యల చెరువులు చేస్తాను. మానేసి తొమ్మిదేళ్ళు దాటింది. అంతకుముందు ఐదుసార్లు మాని ఐదుసార్లూ చెడగొట్టుకున్నాను కాబట్టి, ఈ విద్యలో మీకన్నా పెద్దవాడిననే చనువుతో రాస్తున్నాను.

మీ ప్రశ్న మొత్తంలో నేను ఆగిపోయింది చివరి చిన్న విషయం దగ్గర. కాకినాడ నుంచి మీ ఊరు వచ్చే దారిలో తాళ్ళరేవులో టీ దొరుకుతుంది. వంతెన దాటితే ఎదుర్లంకలో దొరుకుతుంది, ఇంకాస్త ముందుకు వస్తే మురమళ్ళలో దొరుకుతుంది. పుదుచ్చేరి పాలనలో ఉండి, పన్నుల తేడా వల్ల మద్యం చౌక అని మన గోదావరి జిల్లాలన్నిటా పేరుపడిన యానాంలోనే మీకు టీ ఎందుకు తాగాలనిపించింది? మీరు కూర్చున్న బల్ల దగ్గర నుంచి చూస్తే ఎదురుగా ఏ దుకాణం కనబడుతుంది? నాకు జవాబు రాయనక్కరలేదు, మీలో మీరు చెప్పుకుంటే చాలు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నేను నాలుగవసారి మానినప్పుడు, మేత బకాయి కట్టడానికి భీమవరం వెళ్ళవలసిన పని ప్రతిసారీ సాయంత్రం ఆరు దాటిన తరువాతే తగిలేది. పొద్దున్న వెళ్ళవచ్చు, కుర్రాడిని పంపవచ్చు, అసలు ఫోనులోనే డబ్బు వేయవచ్చు. ఏదో ఒక కారణం చెప్పుకొని నేనే వెళ్ళేవాడిని. అదే కాలంలో నా ఫోను కవరు వెనక ఒక ఐదువందల నోటు మడతపెట్టి ఉండేది. పెట్రోలు కోసమని నాకు నేనే చెప్పుకునేవాడిని గానీ, బంకులో కూడా ఫోనుతోనే చెల్లించేవాడిని. ఫోనులో కట్టిన ప్రతి రూపాయీ మా అబ్బాయికి కనబడుతుంది, నోటుకు మాత్రం లెక్క ఉండదు. ఈ సంగతి నా బుద్ధికి తట్టకముందే నా చేతికి తెలుసు. రెండు నెలలు ఆ నోటు అక్కడే ఉంది. మూడవ నెలలో ఖర్చయింది.

చెరువు చేసేవాళ్ళకు ఇది తేలికగా అర్థమవుతుంది. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ పగలు ఎండకు నాచు పుణ్యమా అని పెరుగుతుంది, చీకటి పడింది మొదలు తగ్గుతూ తగ్గుతూ సూర్యోదయానికి కొంచెం ముందు అడుగంటుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు రొయ్య నీటిమీదకు తేలిందంటే, అప్పుడు ఏరేటర్లు తిప్పడానికి పరుగెత్తినవాడు ఆలస్యమైనట్టే. ముందురోజు మబ్బు పట్టినా మేత తగ్గించకపోవడం, పొద్దుపోయాక మీటరు పెట్టి చూడకపోవడం అసలు తప్పులు. నా తాగుడు కూడా అలాగే వచ్చేది. గ్లాసు చేతిలోకి రావడానికి మూడు వారాల ముందే నేను ఫోన్లు ఎత్తడం మానేసేవాడిని, మధ్యాహ్న భోజనం మూడింటికి జరిపేవాడిని, గడ్డం పెంచేవాడిని. ఇప్పుడు రోజూ రాత్రి చెరువుకు మీటరు పెట్టేటప్పుడే నాకు నేనూ మీటరు పెట్టుకుంటాను. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉందో చూసుకుంటాను. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడు నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం మీటింగుల్లో నేర్పే పాత పద్ధతే ఇది. రెండు ఉంటే ఆ రాత్రి ఒంటరిగా గట్టుమీద పడుకోను.

మంచి రోజుల సంగతికి వస్తాను. అప్పు ఉన్నంతకాలం మీరు మీకు కాపలా కాశారు. ప్రోనోటు చిరిగిన రోజున ఆ కాపలాదారుకు కూడా సెలవు ఇచ్చేశారు. మాలకు ముగింపు తేదీ ఉంటుంది. మెడలో వేసుకున్న రోజునే మీ మనసులో ఒక మూల ఆ తేదీని గుర్తుపెట్టుకుంది. దీక్షను తక్కువచేసి అనడం లేదు, 41 రోజులు నిలిచిన మనిషికి 42వ రోజున ఏమి చేయాలో ఎవరూ చెప్పలేదని అంటున్నాను. తాళాల సంగతి వేరు, అది నాకు బాగా తెలిసిన నొప్పి. మా నాన్న చెరువుల లీజు కాగితం నా పేరున రాయించిన వారంలోనే నేను తాగాను. ఏనాటికైనా చెడగొడతానని లోలోపల నమ్మేవాడికి, ఇతరుల నమ్మకం మోయలేని బరువవుతుంది. అది ఎప్పుడు జారిపోతుందోనని బిక్కుబిక్కుమంటూ ఉండటం కన్నా, ఈ సాయంత్రమే నేలకు కొట్టి ఊపిరి పీల్చుకోవడం తేలికనిపిస్తుంది. మిమ్మల్ని ఎవరైనా మెచ్చుకున్న రోజున, ఎవరైనా తిట్టిన రోజున కన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండండి.

సంక్రాంతికి నా సలహా సూటిగా చెబుతాను. ఈ సంవత్సరం భీమవరం వైపు వెళ్ళకండి. అత్తవారు నొచ్చుకుంటారు, మరుసటి ఏటికి సర్దుకుంటారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లను తీసుకొని వెళ్ళండి. ఏకాదశ రుద్రుల ప్రభలను వరిచేలకు అడ్డంగా, కౌశిక ఏటి నీటిలోకి దింపి భుజాలమీద మోసుకొస్తుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలవు. అక్కడ కూడా తాగేవాళ్ళు ఉంటారు, ఆ సంగతి తెలిసే వెళ్ళండి. వెళ్ళక తప్పని చోటికి కడుపునిండా తిని వెళ్ళండి, సొంత బండి మీద వెళ్ళండి, తాళం ఎవరికీ ఇవ్వకండి. జేబులో ఒక మనిషి నంబరు ఉండాలి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అసలు పుట్టిందే ఒక ఫోనుతో. 1935లో బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పనిమీద అమెరికాలోని ఆక్రన్ వెళ్ళి, ఆ పని చెడిపోయి, హోటలు వసారాలో ఒక పక్క బారు, ఒక పక్క ఫోను ఉన్నచోట నిలబడి, తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడించమని ఊళ్ళోని చర్చిలకు వరుసగా ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్ స్మిత్.

జవాబు: ముక్కనుమ

ఇంత ఆలోచన అనవసరం అని నా అభిప్రాయం. పండగ మూడు రోజులూ బావమరదులతో ఒక్క బీరు తాగి ఆపేస్తే కొంప మునగదు. మనసు గట్టిగా ఉంటే చాలు. మరీ అంత భయపడితే మనిషి ఇంట్లో నుంచి కాలు బయటపెట్టలేడు.

జవాబు: అరిటాకు

ముక్కనుమ గారూ, ఒక్క బీరుతో ఆపగలిగినవారికి ఇక్కడికి వచ్చి ఇలాంటి ప్రశ్న అడగవలసిన అవసరం ఉండదు. మీకు సాధ్యమైనది మీ అదృష్టం. దానిని సలహాగా ఇవ్వకండి.

లంకతోట అన్నయ్య గారూ, నేను తాగిన మనిషి భార్యను. మావారు మానేసి ఇది మూడవ సంవత్సరం. మీరు కార్డు గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మొదటి ఏడాది మా ఇంట్లో కార్డు, పర్సు, బండి తాళం అన్నీ నా దగ్గరే ఉండేవి. అడిగి తీసుకున్నవి కావు, లాక్కున్నవి. ఆయన బయటినుంచి రాగానే తలుపు తీసి, ఏదో చెబుతున్నట్టు ముఖానికి దగ్గరగా నిలబడేదాన్ని. నేను వాసన చూస్తున్నానని ఆయనకు తెలుసు, తెలుసని నాకూ తెలుసు. తాగకుండా వచ్చిన రోజున కూడా దొంగలా తల వంచుకొని లోపలికి వచ్చేవారు. అలా ఒక నెల గడిచాక ఒక రాత్రి పప్పుచారులో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేశారు. నేను రుచి చూశాను, ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ ఉప్పు మీద గంటసేపు గొడవ పెంచి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయారు. బయటికి వెళ్ళడానికి ఆయనకు ఒక కారణం కావాలి. ఆ కారణం నేనే ఇచ్చానని ఆ రాత్రి ఏడ్చాను. గొడవ కోసమే వెతుకుతున్న మనిషికి ఉప్పు కాకపోతే చింతపండు దొరుకుతుందని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

అంతకన్నా పెద్ద తప్పు కూడా చేశాను. నాలాంటి ఆడవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను. తెలిసినవాళ్ళ మాట విని, ఆయనకు తెలియకుండా కూరలో కలపమని ఒకరు ఇచ్చిన పొడిని నాలుగు రోజులు కలిపాను. అయిదవ రోజు ఆయన బయట తాగి వచ్చారు. ముఖం కందగడ్డలా అయింది, గుండె దడదడలాడింది, వాంతులయ్యాయి, ఊపిరి అందక నేలమీద పడిపోయారు. రాత్రి రెండు గంటలకు ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. బతికారు. ఆ తరువాత నెల రోజులు నా చేతి అన్నం తినడానికి భయపడి, హోటలు నుంచి ఇడ్లీ తెచ్చుకున్నారు. ఏం కలిపావని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒకటే ఏర్పాటు. రాత్రి భోజనాల తరువాత ఆయన ఒక్క మాట చెబుతారు, "ఈ రోజు మనసు పోయింది" లేదా "పోలేదు" అని. పోయిందని చెప్పినా నేను సలహా ఇవ్వకూడదు, ఏడవకూడదు, ఎందుకు పోయిందని అడగకూడదు. విని ఊరుకోవాలి. నోరు మూసుకోవడం మొదట్లో నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. పండగలప్పుడు కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంటుంది గానీ, అది ఆయన ముందుగా తనంతట తాను తెచ్చి ఇచ్చి, పండగ వెళ్ళాక అడిగి తీసుకునేది. మీరు కూడా వదినగారికి ఇవ్వండి, ఏ రోజు తిరిగి తీసుకుంటారో కూడా చెప్పి ఇవ్వండి.

ఇంకొకటి. మంచి రోజులు అరగవని ఆవిడ అన్నారంటే, ఆవిడ మిమ్మల్ని చాలాకాలంగా గమనిస్తున్నారు. మీరు మళ్ళీ మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు మీలో ఏమి మారుతుందో ఆవిడనే అడగండి. మావారు మొదలుపెట్టబోయే ముందు ఎప్పుడూ ఇంటికి పళ్ళు తెచ్చేవారు. మామూలుగా చేతిసంచీ కూడా పట్టుకోని మనిషి రెండు కిలోల కమలాలు తెచ్చి, పిల్లలకు తొనలు వలిచి పెట్టేవారు. మేము మురిసిపోయేవాళ్ళం. చేయబోయే తప్పుకు ముందుగానే బాకీ తీర్చుకుంటున్నారని మూడవసారికి గానీ నాకు తట్టలేదు. ఇప్పుడు ఆయన కమలాలు తెస్తే ఇద్దరం నవ్వుకుంటాం. నవ్వుకున్న తరువాత ఆయన డాక్టరుగారికి ఫోను చేస్తారు.

జవాబు: ఒక మానసిక వైద్యుడు

చర్చ మంచి దారిలో నడుస్తున్నది కాబట్టి, వైద్యపరంగా చెప్పవలసినవి మాత్రం చేరుస్తాను.

అరిటాకు గారు చెప్పిన లక్షణాలు డైసల్ఫిరామ్ అనే మందు పడిన ఒంట్లోకి మద్యం చేరినప్పుడు కనబడేవే. ఆ పొడిలో నిజంగా ఏమి ఉందో నేను చెప్పలేను. డైసల్ఫిరామ్ ఉపయోగపడే మందే. అయితే రోగి తెలిసి, ఒప్పుకొని, గుండె, కాలేయం పరీక్షలు చేయించుకున్న తరువాత మాత్రమే వాడాలి. మాత్ర ఆపిన తరువాత కూడా దాని ప్రభావం రెండు వారాల వరకు ఉండవచ్చు. తెలియకుండా పెట్టడం ప్రాణాపాయం. ఇది కాక తాగినప్పటి హాయిని తగ్గించే నాల్ట్రెక్సోన్, మానిన మెదడును స్థిమితపరిచే అకాంప్రొసేట్ వంటివి ఉన్నాయి. లంకతోట గారు ఏ మందు వాడుతున్నారో నాకు తెలియదు. పండగకు ముందు తన డాక్టరుతో ఈ ప్రయాణాల సంగతి, యానాం సంగతి చెప్పడం మంచిది. బాగానే ఉన్నాను కదా అని మాత్రలు తనంతట తాను ఆపివేయడం, నా అనుభవంలో, మళ్ళీ మొదలుపెట్టబోయేవారు చేసే మొదటి పని.

చెరువుగట్టు గారు వర్ణించిన టీ దుకాణానికీ ఐదువందల నోటుకూ మా శాస్త్రంలో పేరు ఉంది. అలన్ మార్లట్, జుడిత్ గోర్డన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లో వెలువరించిన పుస్తకంలో, పైకి తాగుడుతో ఏ సంబంధమూ లేనట్టు కనబడే చిన్న చిన్న నిర్ణయాలు ఒక్కొక్కటిగా మనిషిని సీసా దగ్గరకు ఎలా చేరుస్తాయో వివరించారు. అదే పుస్తకంలోని మరొక మాట ఈ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉంటుంది. మానినవాడు ఒకసారి జారితే, జారిన ఒక గ్లాసు కన్నా ఆ తరువాత మనసులో వచ్చే "ఇక అంతా అయిపోయింది, నేను ఇంతే" అన్న తీర్పు ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ తీర్పు ఇచ్చుకున్నవాడు రెండవ గ్లాసును, మూడవ రోజును, మూడవ నెలను తానే తెచ్చుకుంటాడు. లంకతోట గారు మొదటి రెండుసార్లూ మొదటి సాయంత్రం తరువాత ఎన్ని రోజులకు డాక్టరు దగ్గరకు వచ్చారో రాయలేదు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అదే. జారిన రాత్రే ఫోను చేసిన మనిషికీ, సిగ్గుతో మూడు నెలలు ముఖం చాటేసిన మనిషికీ చాలా తేడా ఉంటుంది. పైన ప్రస్తావించిన డాక్టర్ బాబ్ కూడా మానిన కొద్ది వారాలకే ఒక వైద్య సదస్సుకు వెళ్ళి తాగి వచ్చాడు. శస్త్రచికిత్స చేయవలసి ఉన్న రోజున చేతుల వణుకు ఆగడానికి ఆయన పుచ్చుకున్న ఆఖరి బీరు 1935 జూన్ 10న. ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కించుకునేది ఆ తేదీనే.

ఒక హెచ్చరిక. ఒకవేళ మళ్ళీ మొదలై, కొన్ని వారాలు రోజూ తాగడం జరిగితే, పౌరుషంతో ఒక్కసారిగా ఇంట్లోనే ఆపివేయకండి. పొద్దున్నే చేతులు వణికే దశకు వెళ్ళినవారిలో, ఆపిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడటం, మనుషులను గుర్తుపట్టలేకపోవడం, తీవ్రమైన జ్వరం, చెమటలు రావచ్చు. దానిని గాలి సోకిందనుకొని ఇంట్లో ఉంచుకున్నవారిని చూశాను. అది ఆసుపత్రిలో, విటమిన్ బి1 ఇంజెక్షన్లతో సహా వైద్యం చేయవలసిన అత్యవసర స్థితి.

మనసు లాగే ఘడియ విషయం. ఆ కోరిక సాధారణంగా అలలా లేచి, అరగంట లోపే విరుగుతుంది. దానితో వాదించకండి, చోటు మార్చండి, ఎవరితోనైనా మాట్లాడండి. అర్ధరాత్రి ఎవరూ దొరకకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు విముక్తికి ప్రత్యేకంగా 14446 ఉంది. రెండూ ఉచితమే.

మంచి రోజున తాగిన వారంతా తమను తాము శిక్షించుకుంటున్నారని నేను అనుకోను. చాలామంది విషయంలో సంగతి ఇంకా మామూలుగా ఉంటుంది. పదిహేడేళ్ళపాటు సంతోషం వస్తే ఏమి చేయాలో శరీరానికి ఒకటే నేర్పాము. దుఃఖంలో చేయవలసినవి మానినవారు చాలా నేర్చుకుంటారు, సంతోషంలో చేయవలసినది నేర్చుకోరు. ఫీజు కట్టిన రోజు సాయంత్రం మీరు ఏమి చేశారు?

లంకతోట

జవాబులు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులు రాయలేకపోయాను.

చెరువుగట్టు గారూ, టీ దుకాణం దగ్గర నుంచి ఏమి కనబడుతుందో నాకు తెలుసు. నేను ఎంచుకొని అటు తిరిగే కూర్చున్నాను. వచ్చే నెల నుంచి కాకినాడకు ముక్తేశ్వరం వెళ్ళి, గోదావరి దాటించే పంటు మీద బండి ఎక్కించి, కోటిపల్లిలో దిగి వెళ్ళాలని అనుకుంటున్నాను. చుట్టుదారే. మొన్న ఒకసారి అలా వెళ్ళి చూశాను. పంటు నిండేదాకా రేవులో ఎండలో నిలబడి, ఇదంతా ఒక టీ కోసమా అని నామీద నాకే విసుగు పుట్టింది. అయినా దాటాను. వరద రోజుల్లో పంటు ఆగిపోతే ఏమి చేయాలో అప్పుడు చూసుకుంటాను.

అరిటాకు గారు చెప్పినట్టు ఈ చర్చ అంతా మా ఆవిడకు చదివి వినిపించాను. ఏమి మారుతుందని అడిగితే క్షణం కూడా ఆలోచించలేదు. మొదలుపెట్టే ముందు నేను పాత బాకీలు వసూలు చేయడానికి తిరుగుతానట. చిన్న చిన్న బాకీలు, వందా రెండువందలవి, మామూలుగా నేను పట్టించుకోనివి. ఈ నెలలో ముగ్గురి దగ్గరకు వెళ్ళానని పేర్లతో సహా చెప్పింది. పళ్ళ సంగతి విని మాత్రం, మీరు మాకు అదైనా తేలేదు అన్నది.

భీమవరం వెళ్ళడం లేదు. మామగారికి నేనే ఫోను చేసి, తాగుడు మానాను, ఈ ఏడు బరుల దగ్గరకు రాలేను, పిల్లనూ వాళ్ళ అమ్మనూ పంపుతాను అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరువాత పెద్దపండగ నాటికి తానే ఇక్కడికి వస్తానన్నారు. తోడల్లుడికి ఇంకా చెప్పలేదు, ఆ ధైర్యం ఇంకా రాలేదు.

డాక్టరు గారూ, మొదటిసారి తాగిన తరువాత అయిదు నెలలకు, రెండవసారి తరువాత ఏడు నెలలకు వైద్యానికి వెళ్ళాను. ఫోను కవరు వెనక నాకు ఏ నోటూ దొరకలేదు. బండి సీటు కింద, వానాకాలం రెయిన్‌కోటు మడతలో రెండు రెండువందల నోట్లు దొరికాయి. ఎప్పుడు పెట్టానో జ్ఞాపకం లేదు. వాటిని అమ్మాయికి ఇచ్చాను, ముగ్గులకు రంగులు కొనుక్కున్నది.

పైన జ్ఞాపకం లేదని రాశాను. దానిని తుడిపివేయకుండా సరిదిద్దుతున్నాను. ఆ నోట్లు పెట్టింది అమ్మాయి ఫీజు కట్టి వచ్చిన రోజు సాయంత్రం. రసీదు ఇంటికి తెచ్చి ఇవ్వకముందే, వాకిట్లో బండి ఆపి పెట్టాను.